ముఖం మీద వెలుగునీడలు: మేకప్‌లో కొంత భౌతికశాస్త్రం

మా వైపు కాంటూరు అనే మాట అక్షరం రాని ముసలివాళ్ళకు కూడా తెలుసు. వాన నీళ్ళు మట్టిని కోసుకుపోకుండా, చేనిలో వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో వేసే గట్టు కాంటూరు గట్టు. మ్యాపు మీద ఒకే ఎత్తున్న చోట్లన్నిటినీ కలిపే గీత కాంటూరు రేఖ. కొన్నేళ్ళుగా ఇదే మాట కాంటూరింగ్ అనే పేరుతో సెల్‌ఫోన్ వీడియోల్లోకీ, పెళ్ళికూతుళ్ళ మేకప్ పెట్టెల్లోకీ వచ్చి చేరింది. ముఖంలో ఎత్తుగా కనిపించవలసిన చోట లేతరంగు, పల్లంగా కనిపించవలసిన చోట ముదురురంగు పూయడం దాని సారాంశం. గట్టు వేసేవాడు మట్టిని నిజంగానే కదుపుతాడు. మేకప్ చేసేవాడు ఎముకను వెంట్రుకవాసి కూడా కదపలేడు. చూసేవాడి కంటిని నమ్మిస్తాడు. ఎలా నమ్మిస్తాడో, ఎప్పుడు నమ్మించలేక నవ్వులపాలవుతాడో ఈ వ్యాసంలో మనవి చేస్తాను. సైన్సు విద్యార్థికి ఈ రంగుల గోల ఏమిటని మిత్రులు అనుకోవచ్చు. రెండేళ్ళుగా మన నాటకాలకు తెరవెనుక రంగు పూసే పని నా మీద పడింది. పని చేస్తుంటే ఇది పూర్తిగా ఆప్టిక్సు పాఠమని నాకు తోచింది.

ముందుగా ఒక చిన్న ప్రయోగం. తెల్లకాగితం మీద రూపాయి బిళ్ళ పెట్టి చుట్టూ గీత గీయండి. ఆ వృత్తంలో కింది సగాన్ని పెన్సిలుతో నల్లగా, పైకి పోయేకొద్దీ పలచగా రుద్దండి. చూడగానే కాగితం మీద ఒక బోండా ఉబ్బి కూర్చున్నట్టుంటుంది. ఇప్పుడు కాగితాన్ని తలకిందులు చేయండి. బోండా పోయి గుంట పడుతుంది. పెన్సిలు గీత ఒక్కటి కూడా మారలేదు గదా, మరి మారిందేమిటి? వెలుతురు పైనుంచే పడుతుందని మన మెదడు ముందే ఒప్పేసుకుని ఉంది. పైన వెలుగు, కింద నీడ ఉంటే అది మిట్ట. పైన నీడ, కింద వెలుగు ఉంటే అది గుంట. సూర్యుడు నెత్తిమీద ఉండే లోకంలో పుట్టి పెరిగిన ప్రాణులం, దానికి వేరే ఆలోచన తోచదు. తమిళనాట పుట్టి అమెరికాలో స్థిరపడిన శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసంలో ఇలాంటి వృత్తాలతోనే ఇంకో సంగతి కూడా చూపించారు. దృశ్యం మొత్తానికీ ఒకే దీపం ఉందని మెదడు లెక్కవేసుకుంటుందట. కాంటూరింగ్ అంతా ఈ రెండు నమ్మకాల మీదే నిలబడి ఉంది: దీపం పైన ఉంది, దీపం ఒక్కటే ఉంది.

వాలుకూ వెలుగుకూ ఉన్న లెక్కను లాంబర్ట్ 1760లోనే చెప్పాడు. మెరుపు లేని తలం దీపానికి ఎంత ఏటవాలుగా ఉంటే, ఆ కోణపు కొసైను ప్రకారం దాని మీద పడే వెలుగు అంత తగ్గుతుంది. నేరుగా దీపం వైపు తిరిగిన చోట 1 అనుకుంటే, 45 డిగ్రీలు పక్కకు వాలిన చోట 0.71, 60 డిగ్రీలు వాలిన చోట సగం. చలికాలంలో దక్షిణానికి వాలిన చేను, ఉత్తరానికి వాలిన చేనికన్నా ముందుగా ఆరడంలో ఉన్న లెక్క కూడా ఇదే. ముఖాన్ని కూడా చిన్న కొండవాలు అనుకోండి. నుదురు, చెంప ఎముక పైభాగం, ముక్కు దూలం, గడ్డం వెలుగు పట్టే మిట్టలు. కంటిగుంట, చెంప ఎముక కింద, కింది పెదవి కింద, దవడ కింద నీడ నిలిచే పల్లాలు. చెంప మీద ముదురురంగు పూయడమంటే, 30 డిగ్రీలే వాలిన చర్మం చేత 60 డిగ్రీలు వాలానని దొంగసాక్ష్యం చెప్పించడమన్నమాట.

ఈ దొంగసాక్ష్యం ప్రకృతిలో కూడా ఉంది, కాకపోతే తిరగేసి. మా శెనక్కాయ చేలల్లోకి కృష్ణజింకలు వచ్చి పడతాయి. మా నాయన వాటితో పడే అవస్థ ఇంకో వ్యాసం. జింక వీపు ముదురు, పొట్ట తెలుపు. ఎండ పైనుంచి పడి వీపును వెలిగిస్తుంది, పొట్ట నీడలో ఉంటుంది. వీపు ముదురు కావడంతో ఆ వెలుగు తగ్గిపోతుంది, పొట్ట తెలుపు కావడంతో ఆ నీడ కొంత పూడిపోతుంది. రెండూ సమమై జంతువు గుండ్రదనం పోయి, అట్టముక్కలాగా చదునై పరిసరాల్లో కలిసిపోతుంది. దీన్ని అమెరికన్ చిత్రకారుడు అబట్ థేయర్ 1896లో వివరించాడు. ఒక చిత్రకారుడికే ఇది తోచడంలో వింత లేదు. బొమ్మలో గుండ్రదనం తెప్పించడానికి రోజూ చేసే పనికి సరిగ్గా వ్యతిరేకం కనుక. మేకప్‌వాడిది చిత్రకారుడి దారి. అయితే మన నాటకాల్లో చాలాసార్లు తెలియకుండానే జింక దారిలో పోతున్నాము. ముఖమంతా ఒకే తెల్లపూత దట్టంగా వేసి, మీద పౌడరు కొట్టి, ఉన్న మిట్టపల్లాలు కూడా చదును చేసి స్టేజి ఎక్కిస్తున్నాము. వెనక వరుసలో కూర్చున్నవాడికి కనిపించేది ముఖం ఆకారంలో ఒక అప్పడం.

ఇక పనిలోకి వద్దాం. రంగు ముట్టుకునే ముందు వేళ్ళతో ముఖం తడిమి చూడాలి. చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె దగ్గర వేలు పెట్టి నోటి మూలవైపు జారిస్తే, చెంప ఎముక అయిపోయి మెత్తటి పల్లం తగులుతుంది. నీడ చోటు అది. చెవి దగ్గర ముదురుగా మొదలుపెట్టి ముందుకు వచ్చేకొద్దీ పలచన చేస్తూ, కంటి బయటి మూలకు సూటిగా కిందికి వచ్చేసరికి పూర్తిగా మాయం చేయాలి. నోటిదాకా లాగితే వారం రోజులుగా అన్నం ఎరగనివాడి ముఖమవుతుంది. కరువు మీద నాటకమైతే అలాగే కావాలి, అది వేరే సంగతి. నీడకు సరిగ్గా పైన, ఎముక మిట్ట మీద లేతరంగు. ఎముక గుండ్రం కాబట్టి ఈ రెంటి మధ్యా గీత కనిపించకూడదు. తడిపి పిండిన స్పాంజితో అద్దుతూ ఒకదానిలో ఒకటి కలిపేయాలి, రుద్దకూడదు. కలపడానికి తీసుకునే సమయం పూయడానికి తీసుకున్నదానికి మూడింతలు ఉండాలని నా లెక్క.

ముక్కుకు రెండు పక్కలా నీడ, దూలం మీద వెలుగు. ముక్కు ఎంత సన్నగా కనిపించాలో మధ్య వెలుగు గీతను అంత సన్నగా ఉంచాలి. ఎక్కువమంది ఇక్కడే చెడగొడతారు. కనుబొమల నుంచి ముక్కు కొసదాకా స్కేలు పెట్టి గీసినట్టు లాగేస్తే అది ముక్కుగా కాక నామంగా కనిపిస్తుంది. కొసకు రాకముందే ఆపి, చివర ఒక చిన్న చుక్క విడిగా పెడితే సహజంగా ఉంటుంది. కణతల మీద కొంచెం నీడ వేస్తే వెడల్పు నుదురు తగ్గుతుంది. మగపిల్లవాడు ఆడవేషం వేస్తే చెవి కింద దవడ మూలలను నీడలోకి నెట్టడం ముఖ్యం, అక్కడ ఎముక కోణం ఆడవాళ్ళకన్నా బాగా తేలి ఉంటుంది. స్త్రీ పాత్రలకు పేరుపొంది 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావుగారి ఫొటోలు చూసినప్పుడల్లా నేను ముందు దవడ వైపే చూస్తాను.

జిడ్డు రంగు మీద జిడ్డు రంగు, పొడి మీద పొడి. ఈ వరస తప్పరాదు. పౌడరు వేసిన ముఖం మీద క్రీము రంగు పూస్తే తడి తగిలిన పిండిలాగా ఉండలు కడుతుంది.

ముసలి వేషం ఈ విద్యకు అసలైన పరీక్ష. మనవాళ్ళు నుదుటి మీద నల్లపెన్సిలుతో మూడు గీతలు గీసి తాతను చేశామంటారు. ముడత అంటే గీత కాదు, ఒక చిన్న లోయ. లోయకు నీడ ఎంత అవసరమో, దాని పక్కన పొంగిన కండకు వెలుగు అంత అవసరం. ముక్కు పక్కనుంచి నోటి మూలకు దిగే మడత చూడండి. నీడకు మడత దగ్గర ఒక అంచు కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉండాలి, రెండో అంచు చర్మంలో కరిగిపోవాలి. రెండంచులూ స్పష్టంగా ఉంటే అది గీతే, రెండూ కరిగిపోతే మట్టి మరక. ఒక అంచు గట్టి, ఒక అంచు మెత్తన అయితేనే మడత. ఇంకొక లెక్క కూడా ఉంది. ఆరోగ్యమైన కన్ను విడదీసి చూడగలిగిన కోణం సుమారు ఒక నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. 10 మీటర్ల దూరంలో అది దాదాపు 3 మిల్లీమీటర్లు, 20 మీటర్లకు 6. అద్దంలో మనకు ముచ్చటగా కనిపించే సన్నటి ముడతలు పదో వరుస దాటాక ఒక బూడిదరంగు మసకగా కలిసిపోతాయి. అందుకని మేకప్ సరిచూడవలసినవాడు అద్దం ముందు ఉండకూడదు, హాలు చివరి బెంచీ దగ్గర నిలబడి ఉండాలి.

నీడకు ఏ రంగు? నలుపు మాత్రం వద్దు. బెర్లిన్‌లో లుడ్విగ్ లైక్నర్ అనే ఒపేరా గాయకుడు 1873లో జిడ్డు రంగుల కంపెనీ పెట్టాడు. నంబర్లు వేసిన కడ్డీలుగా వాటిని అమ్మేవాడు. ఇంగ్లండు నటులు 5, 9 నంబర్లు కలిపి ముఖానికి పూసి, ముడతలకూ పల్లాలకూ లేక్ అనే ముదురెరుపు వాడేవారు. చర్మం కింద రక్తం ఉంటుంది, కనుక ముఖం మీది నీడలో ఎంతో కొంత ఎరుపు ఉంటేనే బతికున్న మనిషి అనిపిస్తుంది. సినిమాలో కథ మారింది. తొలినాటి ఫిల్ముకు ఎరుపు అంటదు, ఎర్రరంగు వేస్తే నల్లగా పడేది. ఎరుపును కూడా పట్టే పాంక్రోమాటిక్ ఫిల్ము, కొత్త దీపాలు వచ్చాక హాలీవుడ్‌లో మాక్స్ ఫాక్టర్ 1928లో దానికి తగిన రంగులు తయారుచేశాడు. 1930ల చివర రంగుల సినిమాల కోసం అతను తెచ్చిందే ప్యాన్‌కేక్. మన నాటకాల పెట్టెల్లో ఇప్పటికీ ఆ మాట తిరుగుతూనే ఉంది.

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న, దీపం ఎక్కడ? 1932లో వచ్చిన 'షాంఘై ఎక్స్‌ప్రెస్' సినిమాలో మార్లిన్ డీట్రిచ్ ముఖం చూడండి. దీపాన్ని ఎదురుగా బాగా ఎత్తున పెట్టారు. చెంప ఎముకల కింద నీడ దానంతటదే లోతుగా పడింది. మేకప్ సగం పని దీపమే చేసిపెట్టింది. దీనికి తిరగలి మన పాత నాటకాల ఫుట్‌లైట్లు. స్టేజి అంచున నేలమీద దీపాలుంటే వెలుగు కిందనుంచి పడుతుంది, చెంప పల్లం వెలిగి మిట్ట చీకటవుతుంది. చీకట్లో గడ్డం కింద టార్చి పెట్టుకుని తమ్ముళ్ళను భయపెట్టని వారెవరు? కిందనుంచి వెలుగు పడితే మెదడు లెక్క తప్పుతుంది, ముఖం దయ్యమవుతుంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో సురభివారి నాటకాలు మొదలైననాటికి మన పల్లెల్లో కరెంటు లేదు. కాగడాలూ నూనెదీపాలూ మనిషి ఎత్తుకు అటూ ఇటూ ఉండేవి. ఆ వెలుగు పచ్చగా, కదులుతూ ఉంటుంది. ఆ రోజుల వేషాల్లో రంగులు అంత దట్టంగా, గీతలు అంత లావుగా ఎందుకుండేవో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఇప్పుడు తెల్లటి ఎల్‌.ఇ.డి. దీపాల కింద అదే మోతాదు వేస్తే కిరాతకంగా ఉంటుంది. రంగు కాగితం వేసిన దీపాలతో ఇంకో చిక్కు. ఎర్రదీపం కింద బుగ్గల ఎరుపు మాయమవుతుంది, పచ్చదీపం కింద అదే ఎరుపు నల్లబడుతుంది. దీపాల వాడిని అడగకుండా రంగు కలపడం, నీళ్ళ సంగతి చూడకుండా నారు పోయడం లాంటిది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న విషయానికి వస్తాను.

మా తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పద్యం అందుకుంటే హాలులో ఫ్యాను చప్పుడు వినబడేంత నిశ్శబ్దమవుతుంది. ఒక పోటీ నాటకానికి ఎంపికల్లో ద్రౌపది వేషానికి ఆమెను తీసుకోలేదు. ఎంపిక చేసినవారు చెప్పిన కారణం, "లైట్లలో ముఖం కనబడదమ్మా" అని. ఆమె చామనఛాయకన్నా రెండు పాళ్ళు నలుపు. భారతంలో ద్రౌపదికి కృష్ణ అనే పేరే ఉంది, నల్లని మేనిఛాయ వల్ల వచ్చిన పేరు అది. ఆ పేరుగల అన్నకు మనం నీలం పూస్తాం, ఆ పేరుగల చెల్లెలికి సున్నం పూస్తాం. ఆ ఏడు ఆ అమ్మాయికి గాంధారి వేషం ఇచ్చారు. కళ్ళకు గంతలు కట్టాక ముఖం ఎంత కనబడితే నేం అనుకున్నారు కాబోలు.

మర్యాద సంగతి పక్కన పెట్టి, ఆ కారణాన్ని ఒక సైన్సు వాక్యంగానే పరీక్షిద్దాం. చర్మం నుంచి వెలుగు రెండు రకాలుగా తిరిగి వస్తుంది. కొంత పైపొర మీదే అద్దం మీద పడినట్టు పడి తిరిగి వస్తుంది, అది మెరుపు. మిగిలింది లోపలికి పోయి, మెలనిన్ మింగినంత మింగగా మిగిలి బయటికి వస్తుంది, అది రంగు. మెరుపు భాగం చర్మపు వక్రీభవన గుణకం మీద ఆధారపడుతుంది. నేరుగా పడిన వెలుగులో అది 4 శాతానికి కొంచెం అటూ ఇటూ. ఈ 4 శాతం నలుపుకూ తెలుపుకూ ఒకటే, మెలనిన్‌తో దానికి నిమిత్తం లేదు. లెక్క కోసం, ఒక తెల్లటి చర్మం లోపలినుంచి 50 పాళ్ళ వెలుగు, ఒక నల్లటి చర్మం 12 పాళ్ళు తిరిగి పంపుతున్నాయనుకుందాం. తెల్లటి ముఖం మీద 4 పాళ్ళ మెరుపు 50 మీద 4, పన్నెండోవంతు కూడా లేదు. నల్లటి ముఖం మీద అదే మెరుపు 12 మీద 4, మూడోవంతు. కన్ను తేడాలను నిష్పత్తిలోనే పోలుస్తుందని వెబర్ సూత్రం మనం చదువుకున్నదే. అంటే మిట్టపల్లాలను మెరుపుతో చూపించే శక్తి నల్లటి ముఖానికే ఎక్కువ ఉంది. దీపం వైపు తిరిగిన చెంప ఎముక నూనె పూసిన రాతి విగ్రహంలాగా తేలుతుంది. గర్భగుడిలో నల్లరాతి మూర్తికి తైలాభిషేకం చేశాక హారతి వెలుగులో కనుముక్కు తీరు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో అందరికీ అనుభవమే గదా.

కాబట్టి మొత్తం వెలుతురు చాలకపోతే ఇంకో దీపం వేయాలి, ముఖం మార్చనక్కర్లేదు. ఛాయనుబట్టి పద్ధతి మారాలి, అంతే. తెల్లటి ముఖానికి నీడ ప్రధానం, వెలుగు తోడు. నల్లటి ముఖానికి వెలుగు ప్రధానం, నీడ తోడు. పునాది రంగు ఎవరి చర్మానికి వారిదే ఉండాలి. దానికన్నా రెండు మెట్లు ముదురు నీడకు, రెండు మెట్లు లేత వెలుగుకు. నల్లటి చర్మం మీద తెల్లగంధంలాంటి లేతరంగు వేస్తే బూడిద పూసినట్టు వికారంగా ఉండటానికి కూడా కారణముంది. తెల్లరంగులోని టైటానియం డయాక్సైడ్ రేణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి, వెనక ముదురురంగు ఉంటే ఆ నీలమే బయటపడుతుంది. మసిబారిన వంటింటి గోడ ముందు పొయ్యిపొగ నీలంగా కనిపించడం ఇలాంటిదే. అందుకే అక్కడ బంగారు, రాగి, కాషాయం కలిసిన లేతరంగులు వాడాలి. పౌడరును నుదుటి మీదా ముక్కు పక్కలా అద్ది, చెంప ఎముక మీద మెరుపును మెరుపుగానే వదిలేయాలి. తెల్లపౌడరు దట్టంగా కొడితే ఆ 4 పాళ్ళ మెరుపు కూడా చచ్చిపోతుంది. అప్పుడు నిజంగానే ముఖం కనబడదు.

ఇదంతా నేను కాగితం మీద లెక్కగానే వదిలిపెట్టలేదు. హాస్టలు మేడ మీద ఒక రాత్రి ఒకే బల్బు ఎత్తున కట్టి, ఆ అమ్మాయికి ఆమె ఛాయకే పునాది వేసి, చెంప మీదా కనుబొమ ఎముక మీదా రాగిరంగు, ముక్కు దూలం మీద ఒక్క చుక్క కొబ్బరినూనె, దవడ కింద ముదురు గోధుమ నీడ వేశాను. పదిహేను అడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే, పక్కన తెల్లపూతతో నిలబెట్టిన ఇంకో స్నేహితురాలి ముఖంలో కళ్ళు మాత్రం తెలుస్తున్నాయి. ఈమె ముఖంలో కోపం కూడా తెలుస్తోంది.

1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. మేకప్ కంపెనీలలో రీహానా పెట్టిన ఫెంటీ 2017లో ఒకేసారి 40 ఛాయల పునాది రంగులు తెచ్చింది. మా తాలూకా సంతలోని ఫ్యాన్సీ దుకాణంలో మాత్రం అడిగితే ఇప్పటికీ తీసి ఇచ్చేవి రెండే, లేత ఒకటీ, ఇంకా లేత ఒకటీ. అక్కడ దొరకకపోతే దిగులు పడనక్కర్లేదు. ఉన్న లేతరంగులో ముదురు గోధుమరంగు ప్యాన్‌కేక్ కొంచెం కొంచెంగా కలుపుకుంటూ, మెడ మీద పూసి చూసుకుంటూ, ఎక్కడ చర్మంలో కలిసి కనబడకుండా పోతుందో అక్కడ ఆపేయవచ్చు. అరచేతి మీద చూస్తే తప్పుతుంది, అరచేయి ఎవరికైనా తెలుపే.

జాగ్రత్తలు రెండు మూడున్నాయి. వెనకటి వీధిభాగవతాలవారు పసుపు ఛాయకు అరిదళం నూరి పూసుకునేవారు, అది ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. సఫేదా పేరుతో ఒకప్పుడు సీసం కలిసిన తెలుపు వాడేవారు. సీసం, ఆర్సెనిక్ లవణాలతో రంగు కట్టిన సౌందర్య సాధనాల తయారీ మన దేశంలో చట్టప్రకారం నిషిద్ధం. అయినా చీటీ లేని విడి పొడులు ఎవరు ఎంత చవగ్గా ఇచ్చినా ముఖానికి పెట్టవద్దు. కొత్త రంగు ఏదైనా ముందురోజు మోచేతి లోపల రాసి, దద్దురు రాకపోతేనే వాడాలి. ఒకరి స్పాంజి ఇంకొకరికి వాడితే కురుపులు కూడా ఉమ్మడి ఆస్తి అవుతాయి.

నాటకం అయిపోగానే చప్పట్ల ఉత్సాహంలో అందరూ సబ్బు పట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తుతారు. జిడ్డు రంగు సబ్బుకు లొంగదు, చర్మం ఎర్రబడేదాకా రుద్దుకోవడమే మిగులుతుంది. ముందు కొబ్బరినూనె ధారాళంగా రాసి రెండు నిమిషాలు ఆగాలి. రంగు నూనెలోకి వదులుతుంది. పాత పంచెగుడ్డతో మెల్లగా తుడిచి, ఆ తర్వాత సబ్బు. గుడ్డలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవలసిందని మనవి.